ఐదుగురూ గీత దాటాలి

అక్టోబర్ 2, సోమవారం

కంప్యూటర్‌లో వారం వారం రాసే రిపోర్టు ఆఫీసు కోసం. ఇది నా కోసం. ఇరవై ఆరేళ్ళు కోచ్‌గా పనిచేసి ఒక్కనాడూ డైరీ పట్టుకోలేదు. ఇప్పుడు పట్టుకున్నానంటే కారణం మా ఆయన రే. మనసులో ఉన్నది ఆయనకు చెబితే "మానేసి నాతో లారీ ఎక్కు" అంటాడు. చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ అది. ఉప్పుకు కరగని కష్టం ఆయన లోకంలో లేదు.

ఈరోజు గిల్ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టాడు. గిల్ ప్రూయిట్ మా క్రీడల డైరెక్టరు. ఒకప్పుడు ఇదే కొండ మీద నాతో పోటీపడి పరిగెత్తినవాడు, ఇప్పుడు రెండో అంతస్తుకు వస్తే రొప్పుతాడు. జులైలో మూడు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్ని కలిపి ఒకటి చేశాక మాకు కొత్త పేరు వచ్చింది, కొత్త ముద్ర వచ్చింది, ఇప్పుడు కొత్త కాగితం వచ్చింది. మూడు క్యాంపసుల్లో మా హార్లన్ రిడ్జ్ చిన్నది. పెద్దది వెస్ట్ బ్రాంచ్, నూట పది మైళ్ళు. కనీస సంఖ్య చేరని జట్లను వెస్ట్ బ్రాంచ్ జట్లలో విలీనం చేస్తారట. నూట పది మైళ్ళ అవతల జట్టుకి ఇక్కడ చదివే పిల్ల రోజూ ప్రాక్టీసుకి ఎలా వెళ్తుందో కాగితంలో లేదు. విలీనం అంటే పేరుకే, అసలు సంగతి మూసెయ్యడం.

మా ఆడపిల్లల క్రాస్ కంట్రీ పరుగు జట్టుకి కనీసం ఏమిటంటే, సీజనులో ఐదు పోటీలు, ప్రతి పోటీలో ఐదుగురు గీత దాటాలి. రెండయ్యాయి. మూడున్నాయి. నాకున్నది ఆరుగురు.

"ఆరుగురున్నారుగా లోర్నా, ఇంకెందుకు మొహం అలా పెట్టావ్?" అన్నాడు గిల్.

"ఐదుగురికి ఒక్కరే ఎక్కువ గిల్. అందుకు."

అక్టోబర్ 3, మంగళవారం

డేల్ వచ్చాడు. మా ఫిజియో. జూన్ దాకా రోజంతా మా దగ్గరే ఉండేవాడు. ఇప్పుడు మూడు క్యాంపసులకీ ఒక్కడే, మాకు మంగళవారాలు మాత్రమే ఇచ్చారు. మిగతా రోజుల్లో దెబ్బలు తగిలించుకోవద్దని పిల్లలకు చెప్పాను. నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మా ఆరుగురిలో ఆడ్రా కాలు నొప్పి అంది. డేల్ "ఎక్కడో చూపించు" అన్నాడు. అరచేతితో పిక్కంతా రుద్ది చూపించింది.

"సరే, కండే. అరచేతితో చూపిస్తే కండ, ఒక్క వేలితో చూపిస్తే ఎముక. ఈ మాట నాకు చెప్పింది మీ కోచే" అన్నాడు.

నిజమే. పన్నెండేళ్ళ క్రితం చెప్పాను.

అక్టోబర్ 7, శనివారం

మూడో పోటీ. ఆరుగురూ దాటారు. మూడయ్యాయి, రెండున్నాయి.

రెన్నీ మా వాళ్ళలో ఐదోది. రెన్నీ డోంబెక్, మొదటి సంవత్సరం. తండ్రి వాల్ట్ రంపపు మిల్లులో పనిచేస్తాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి రెన్నీ, వచ్చే ఏడు నర్సింగులో చేరాలని ఆశ. పోయిన ఏడు వాళ్ళ వంటింట్లో కూర్చుని వాళ్ళమ్మ ఆలుగడ్డ కూరి చేసిన పిరోగీలు తింటూ వాల్ట్‌కు మాటిచ్చాను. నాలుగేళ్ళూ ఈ జట్టు ఉంటుంది, నాదీ పూచీ అన్నాను. ఆ పిల్లకు వెస్ట్ బ్రాంచ్ నుంచి కూడా పిలుపు వచ్చింది, అయినా నా మాట నమ్మి ఇక్కడికి వచ్చింది.

దారి పొడవునా కట్టిన తాడు పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు వాల్ట్. "మా అమ్మాయి చివర్నించి ఎన్నోది?" అని అడిగాడు. ఆయన ఎప్పుడూ చివర్నించే లెక్కపెడతాడు.

అక్టోబర్ 11, బుధవారం

ఆడ్రా వెళ్ళిపోతోంది. ఒహాయోలో ఏదో కాలేజీ. సీజను మధ్యలో.

"జట్టు ఉంటుందో ఉండదో మీరు చెప్పలేరు కదా కోచ్" అంది.

"ఉంటుంది."

"ఉంటుందని చెప్పేటప్పుడు మీరు నా మొహం చూడట్లేదు."

నేను బూట్ల షెల్ఫు సర్దుతున్నాను, అందుకే చూడలేదు.

ఐదుగురు.

అక్టోబర్ 13, శుక్రవారం

వేట సీజను మొదలైంది. అడవి దారిలో పరిగెత్తేవాళ్ళు వేటగాళ్ళ కంటపడేలా నారింజ రంగు చొక్కాలు తొడుక్కోవాలి. నేను దారి చివర నిలబడి చెట్లలోంచి బయటికి వచ్చే నారింజ రంగును లెక్కపెడతాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదోది వచ్చేదాకా ఊపిరి ఆడదు. ఈరోజు రెన్నీ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ నాలుగు నిమిషాల్లో నేను ఆ పిల్లను తుపాకీ గుండుకు, ఎలుగుబంటికి, ఎవరిదో కారుకు, ఒహాయోకు అప్పగించేశాను.

"లేసు ఊడింది" అంది.

దుమ్ము విపరీతం. కోరా మా కెప్టెను, నాలుగో సంవత్సరం, నోరు పెద్దది. "ఒక్క వాన పడితే బాగుండు కోచ్, ప్రాక్టీసు కూడా ఎగ్గొట్టొచ్చు" అంది.

"వానకు ప్రాక్టీసు ఆగిన రోజు ఈ జట్టు చరిత్రలో లేదు. పిడుగుకే ఆగుతాం."

"పిడుగు పడాలని మొక్కుకోండే అయితే" అంది మిగతావాళ్ళతో.

అక్టోబర్ 17, మంగళవారం

డేల్ రాలేదు. వెస్ట్ బ్రాంచ్ ఫుట్‌బాల్ జట్టులో ముగ్గురు పడిపోయారట, అక్కడే ఉండమన్నారట. అంటే మా మంగళవారం కూడా వాళ్ళదే.

అక్టోబర్ 18, బుధవారం

రెన్నీ ప్రాక్టీసయ్యాక మెట్ల మీద కూర్చుని కాలు రుద్దుకుంటోంది. దూరం నుంచి చూశాను. అరచేతితోనే రుద్దుకుంటోంది. కండ.

అక్టోబర్ 19, గురువారం

వాన. ప్రాక్టీసు లేదు.

అక్టోబర్ 20, శుక్రవారం

రేపటి పోటీ మా మైదానంలోనే. పొద్దున్నుంచి పరుగు దారి పొడవునా గీత గీశాను. సుద్ద మిషను తోసుకుంటూ ఆరు కిలోమీటర్లు, కొండెక్కి, చెరువు గట్టు చుట్టి, పైన్ చెట్ల మధ్య నుంచి మళ్ళీ మైదానానికి. ఎవరికైనా అప్పగించమంటాడు గిల్. ఇరవై ఆరేళ్ళుగా నేనే గీస్తున్నాను. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ వేరు పైకి లేచిందో నా కాళ్ళకు తెలుసు.

నేల ఎండి పగుళ్ళు వేసింది. మూడు వారాలుగా చినుకు లేదు. సుద్ద నేలకు అంటక గాలికి లేచి నా మొహాన పడింది. ఇంటికి వచ్చేసరికి రే చూసి "దయ్యానివా మా ఆవిడవా?" అన్నాడు.

అక్టోబర్ 21, శనివారం

నాలుగో పోటీ. ఐదుగురూ దాటారు. రెన్నీ డెబ్భై ఒక్కమందిలో అరవై తొమ్మిది. మెల్లగా పరిగెత్తమన్నాను, మెల్లగానే పరిగెత్తింది. దాటాక గడ్డి మీద పడుకుని చాలాసేపు లేవలేదు. అందరూ పడుకుంటారు.

ఒక్కటే ఉంది.

అక్టోబర్ 24, మంగళవారం

డేల్ వచ్చాడు.

"ఎవరికైనా ఏమైనా ఉందా?"

"ఎవరికీ ఏం లేదు" అన్నాను.

రెన్నీ రాలేదు, ఆ టైముకి ల్యాబ్ ఉంది. పోయిన వారం ల్యాబ్ మానేసింది, ఈసారి వెళ్ళమని నేనే చెప్పాను. చదువు ముఖ్యం.

అక్టోబర్ 27, శుక్రవారం

రెన్నీని పరిగెత్తనివ్వడం లేదు. జిమ్ములో సైకిలు తొక్కిస్తున్నాను. ఈతకొలను ఉంటే నీళ్ళలో పరిగెత్తించేదాన్ని, కాళ్ళ మీద బరువు పడదు. విలీనం పేరుతో వేసవిలోనే కొలను ఖాళీ చేశారు. ఇప్పుడు అందులో కుర్చీలు పెట్టారు.

జాగ్రత్తగా చూసుకుంటున్నాను ఆ పిల్లను. నా కన్నకూతురైనా ఇంతకంటే జాగ్రత్తగా చూసుకోను.

నవంబర్ 1, బుధవారం

గిల్ నా గదికి వచ్చి తలుపు వేశాడు.

"శనివారం ఐదుగురు దాటితే నువ్వు గట్టెక్కినట్టే. మిగతా జట్లు ఒక్కొక్కటీ పోతున్నాయి. టెన్నిసు పోయింది. గోల్ఫు పోయింది. నీదొక్కటి మిగిలితే దాన్ని చూపించి మిగతావాళ్ళ కోసం వాళ్ళతో పోట్లాడతాను."

"రెన్నీ కాలు బాలేదు" అన్నాను. అన్నాననే రాసుకుంటున్నాను. అన్నాను.

"బాలేదంటే?"

"పిక్క పట్టేసింది."

"ఈ నెలలో ఎవరికి పట్టెయ్యలేదు లోర్నా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నవంబర్ 3, శుక్రవారం

చివరి పోటీ రేపు వెస్ట్ బ్రాంచ్‌లో, వ్యాన్ నేనే నడిపాను. రెన్నీ వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చుంది. నూట పది మైళ్ళు వెనక సీటు కనపడే అద్దంలోకి చూడకుండా నడిపాను.

నవంబర్ 4, శనివారం

ఐదుగురూ గీత దాటారు.

నవంబర్ 5, ఆదివారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ఈరోజు రాస్తాను, ఎందుకంటే రే చర్చికి వెళ్ళాడు, ఇంట్లో ఎవరూ లేరు.

ఐదో కిలోమీటరు దాటాక మైదానం అంచున ఒక వంపు ఉంది. అక్కడ నిలబడ్డాను. కోరా వచ్చింది, తర్వాత ఇద్దరు, తర్వాత ఇంకొకరు. నలుగురు. వేరే కాలేజీల పిల్లలందరూ వెళ్ళిపోయారు. జెండాలు పట్టుకున్నవాళ్ళు జెండాలు చుట్టడం మొదలుపెట్టారు. అప్పుడు వచ్చింది రెన్నీ.

ఒంటికాలి మీద గెంతుతోంది. గెంతి గెంతి ఆగి, చేతులు నేలకు ఆనించి, మళ్ళీ లేస్తోంది. నేను వినలేదు గానీ అంతకు ముందే చప్పుడు వినపడిందట. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడు అంది తర్వాత.

దారిలో ఉన్న మనిషిని ఎవరైనా ముట్టుకుంటే ఆ పరుగు చెల్లదు. రెన్నీ పరుగు చెల్లకపోతే నలుగురు. నలుగురంటే జట్టు లేదు. ఇది నాకు తెలుసు, రెన్నీకి తెలుసు. తాడు అవతల ఆ పిల్ల, తాడు ఇవతల నేను. మూడు వందల మీటర్లు పక్కపక్కనే నడిచాం. ఒకసారి పడింది. మోకాళ్ళ మీద పాకింది. నా వైపు చూసింది. నా రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాను. జేబుల్లో పిడికిళ్ళు బిగించి ఉన్నాయి, గోళ్ళు అరచేతిలో దిగాయి, ఇప్పటికీ గుర్తులున్నాయి.

"రా. ఇంకొంచెం. రా" అంటున్నాను. కుక్కపిల్లను పిలిచినట్టు.

గీత దగ్గర మిగతా నలుగురూ వెళ్ళకుండా నిలబడి ఉన్నారు. రెన్నీ చెయ్యి గీత మీద పడింది, తర్వాత తల, తర్వాత ఒళ్ళంతా. గడియారం దగ్గరున్న మనిషి తలూపాడు. అప్పుడు తాడు కిందనుంచి దూరి ఆ పిల్లను ఎత్తుకున్నాను.

కోరా ఏడుస్తూనే అడిగింది, "చలికాలపు ప్రాక్టీసు మొదలయ్యేది ఇరవయ్యో తారీకు సోమవారమేగా కోచ్? ఎప్పట్లాగే?"

"ఎప్పట్లాగే" అన్నాను.

నవంబర్ 7, మంగళవారం

ఆసుపత్రి. మోకాలి కింద పెద్ద ఎముక రెండు ముక్కలైంది. లోపల కడ్డీ వేశారు. ఎముక శనివారం విరిగినా, పగులు వచ్చి మూడు వారాలైనా అయి ఉంటుందని డాక్టరు రాశాడు. ఆ కాగితం కాలేజీకి వెళ్ళింది. కాలేజీ నుంచి మూడు క్యాంపసుల కేంద్ర కార్యాలయానికి వెళ్ళింది.

రెన్నీ దిండుకు ఆనుకుని కూర్చుంది. మొహం పాలిపోయింది. వాల్ట్ కాఫీ కోసం బయటికి వెళ్ళగానే గొంతు తగ్గించింది.

"నేను మీకు చెప్పలేదు కోచ్."

నేను దుప్పటి అంచు సర్దాను.

"ఎవరికీ చెప్పలేదు. గుర్తుపెట్టుకోండి."

"రెన్నీ..."

"మీకు తెలుసని తేలితే జట్టు మూసెయ్యడానికి వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? నేను దాచానంటే తప్పు నాది. జట్టుది కాదు."

ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళు. ఎంత సుఖంగా అనిపించిందో రాస్తే నాకే అసహ్యం వేస్తోంది. సుఖంగా అనిపించింది.

నవంబర్ 10, శుక్రవారం

గిల్ నా వారం వారం రిపోర్టులన్నీ అచ్చు తీసి బల్ల మీద పరిచి కూర్చున్నాడు. కేంద్ర కార్యాలయం అడిగిందట. అక్టోబర్ మూడో వారం కాగితం పైన పెట్టాడు. గురువారం గడిలో ఏం రాసి ఉందో నాకు తెలుసు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ముందే ఆ కాగితం వైపు చూశాను.

"నాలుగేళ్ళు మనిద్దరం ఈ కొండ మీద పరిగెత్తాం. ఒకసారి వరదలో కూడా పరిగెత్తాం, నీ బూటు కొట్టుకుపోయింది, గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుంది."

"నువ్వు వానకి ప్రాక్టీసు ఎప్పుడు ఆపావు లోర్నా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

కాగితాలన్నీ సర్ది ఫైల్లో పెట్టాడు. "వాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు. వాళ్ళకి ఇది మామూలుగానే కనపడుతుంది. నేనూ చూళ్ళేదు" అన్నాడు. తలుపు దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. "నీకు తెలియదంటే జట్టు నిలబడుతుంది. తెలుసంటే పోతుంది. అంతే. మధ్యలో ఏం లేదు."

నవంబర్ 14, మంగళవారం

రెన్నీ రాసిచ్చిన కాగితం నకలు నాకూ పంపారు. "నొప్పి ఉన్న సంగతి కోచ్‌కు గానీ ఫిజియోకు గానీ చెప్పలేదు" అని ఉంది. కింద సంతకం. అక్షరాలు గుండ్రంగా, బడిపిల్ల రాతలా ఉన్నాయి.

దానికి జవాబు కూడా జత చేశారు. ఏ దెబ్బ తగిలినా వెంటనే చెబుతామని ఆగస్టులో ప్రతి క్రీడాకారిణీ సంతకం పెడుతుంది. రెన్నీ ఆ మాట తప్పింది కాబట్టి ఏ జట్టులోనూ ఉండడానికి వీల్లేదు. ఆరోగ్య నియమం ఉల్లంఘించిందని ఫైల్లో రాస్తారు. నర్సింగులో సీటు ఇచ్చేటప్పుడు ఆ ఫైలే చూస్తారు.

శుక్రవారం తొమ్మిదింటికి విచారణ. నేను రావాలి. ఒక్క ప్రశ్నే ఉంటుంది, మీకు తెలుసా అని.

నవంబర్ 15, బుధవారం

ఈ ఊళ్ళో ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగు మీద నుంచి ఒక్క వేలు లేపి పలకరిస్తాం. తెలిసినవాళ్ళయినా, తెలియనివాళ్ళయినా. ఈరోజు పెట్రోలు బంకు దగ్గర వాల్ట్ బండి ఎదురైంది. వేలు లేపాడు. నేనూ లేపాను. వెళ్ళిపోతాడనుకున్నాను, బండి తిప్పుకుని వచ్చాడు.

కాగితంలో చుట్టిన పొట్లం కిటికీలోంచి ఇచ్చాడు. జింక మాంసం సాసేజి, వాళ్ళింట్లో చేసింది.

"మూడొందల మీటర్లూ మీరు పక్కనే నడిచారట. మా అమ్మాయి చెప్పింది. మీరు లేకపోతే అక్కడే పడిపోయేదాన్నంది" అన్నాడు. తర్వాత కాసేపు టోపీ సర్దుకున్నాడు. "ముందే నాతో ఒక్క మాట చెప్పాల్సింది పిచ్చి పిల్ల. ఎవరికీ చెప్పకుండా ఎలా భరించిందో అర్థం కావట్లేదు. మాలో ఎవరం అలా నోరు మూసుకునే రకం కాదు."

"అవును" అన్నాను.

పొట్లం ఫ్రిజ్‌లో ఉంది. రే తింటానంటే వద్దన్నాను. ఎందుకని అడిగాడు. మూడు వారాలుగా ఏమైందని అడిగాడు. ఉప్పు లారీ జోకు వెయ్యలేదు. అప్పుడు భయం వేసింది. ఆయన జోకు వెయ్యలేదంటే నా మొహం ఎలా ఉందో.

నవంబర్ 16, గురువారం

ఈ పుస్తకం మొదటినుంచి చదివాను. నా కోసం రాసుకున్న పుస్తకంలో కూడా ఒకచోట అబద్ధం రాశాను. ఆఫీసుకు రాసిన అబద్ధాన్నే ఇక్కడా రాసుకున్నాను. ఎవరు చూస్తారని రాశాను? మరుసటి పేజీలోనే సుద్ద దుమ్ము లేచిందని రాసి ఉంది. అబద్ధం ఆడటం కూడా సరిగ్గా చేతకాలేదు.

ఆ రోజుది మళ్ళీ రాస్తున్నాను.

అక్టోబర్ 19, గురువారం

వాన లేదు. ఎండగా ఉంది. మేపుల్ ఆకులు ఎర్రబడ్డాయి. నలుగురు కొండెక్కారు. రెన్నీ వెనక ఉండిపోయింది.

సుద్ద మిషను పెట్టే షెడ్డులోకి వచ్చింది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని మేజోడు కిందికి లాగింది.

"ఎక్కడ?" అన్నాను.

"ఇక్కడ కోచ్" అని ఒక్క వేలు పెట్టి చూపించింది.

అరచెయ్యి కాదు. ఒక్క వేలు. నేను అదే చోట నొక్కితే కాలు వెనక్కి లాక్కుంది. ఆ కాలి మీద ఒక్క గెంతు గెంతమన్నాను. గెంతింది. అరవలేదు గానీ కళ్ళ నీళ్ళు తిరిగాయి. పెదవి కొరుక్కుని నవ్వబోయింది.

నాకు తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది. ఈ ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి కాళ్ళు పది చూశాను. తొమ్మిదింటిని ఆపాను.

"కండే. ఐసు పెట్టు. శనివారం మెల్లగా పరిగెత్తు, గీత దాటితే చాలు" అన్నాను.

"డేల్‌కి చూపించనా?"

"మంగళవారం నీకు ల్యాబ్ ఉందిగా."

ఆ పిల్ల కాసేపు నా మొహం చూసింది. తర్వాత మేజోడు పైకి లాక్కుంది. "మీరు చెప్తే సరే కోచ్" అంది.

నాకు భయం వేసింది. జట్టు పోతుందని, వాల్ట్‌కు ఇచ్చిన మాట పోతుందని, కోచ్ కాకపోతే నేనెవరినో నాకే తెలియదని. ఇన్ని భయాల్లో ఆ పిల్ల కాలు గురించిన భయం చిట్టచివర ఉంది. నిజానికి లేదు. ఆ రోజు లేదు.

రేపు తొమ్మిదింటికి ఈ పుస్తకం తీసుకుని వెళ్తున్నాను.

నవంబర్ 17, శుక్రవారం

పదకొండు నిమిషాలు పట్టింది.

కేంద్ర కార్యాలయం నుంచి మిసెస్ ఫెన్విక్ అని ఒకావిడ వచ్చింది. మర్యాదగల మనిషి. మంచినీళ్ళు పోసి ఇచ్చింది. "మీకు తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. పేజీ తెరిచి చదివాను. గిల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, చదవడం అయిపోయేదాకా ఇటు తిరగలేదు.

"ఆ రోజు వాన అని మీ రిపోర్టులో ఉంది" అంది ఫెన్విక్.

"వాన లేదు. ఉన్నా మేం ఆగం."

ఆవిడ రాసుకుంది. పేజీ నకలు తీసుకుంది. విద్యార్థుల భద్రత దృష్ట్యా హార్లన్ రిడ్జ్ ఆడపిల్లల క్రాస్ కంట్రీ ఈ రోజు నుంచే లేదు, పిల్లలు కావాలంటే జనవరి నుంచి వెస్ట్ బ్రాంచ్‌తో పరిగెత్తవచ్చు. నేను ఈ రోజు నుంచి కోచ్ కాను. ఆ కాగితాలు ముందే టైపు చేసి ఉన్నాయి, తేదీ ఒక్కటే చేత్తో రాసింది. ఆ కట్టలో అమ్మాయిల కుస్తీ జట్టు కాగితం కూడా ఉంది, దానికీ తేదీ ఖాళీగానే ఉంది.

రెన్నీ సంతకం పెట్టిన కాగితం వెనక్కి ఇచ్చేశారు. ఫైల్లో ఏమీ రాయరు. అది నా కళ్ళ ముందు రాయించుకున్నాకే లేచాను.

బయట మెట్ల దగ్గర చంకకర్రల మీద నిలబడి ఉంది రెన్నీ. అప్పటికే ఎవరో చెప్పారు.

"ఎందుకు చెప్పారు?"

"నువ్వు నాకు చెప్పావు కాబట్టి. చెప్పలేదని నీ పేరు మీద ఉండకూడదు."

"నా పేరు నా ఇష్టం. మీకోసం అబద్ధం ఆడాననుకుంటున్నారా? వాళ్ళ నలుగురి కోసం. నేను వచ్చేదాకా గీత దగ్గర నించున్నారు. పాకుతూ వచ్చాను కోచ్. ఇప్పుడు ఆ పాకింది దేనికి?"

కింది మెట్టు దాకా దిగాను.

"నా భయం కోసం పాకావు" అన్నాను.

రెన్నీ కర్ర సర్దుకుంది. ఆ పిల్ల కోపంలో అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"నర్సింగు మొదటి పుస్తకం కొనుక్కుని చదువుతున్నా, మంచం మీద ఏం తోచక. మొదటి పాఠం ఏంటో తెలుసా? నొప్పి ఉందని మనిషి చెప్తే నమ్మాలి. అంతే పాఠం. ఒక్క వాక్యం."

"నమ్మాను రెన్నీ. అదే నా తప్పు. నమ్మి కూడా పంపాను."

తల అటు తిప్పుకుంది. వాల్ట్ బండి వచ్చింది. ఆయన దిగి కూతుర్ని ఎక్కించాడు, కర్రలు వెనక పెట్టాడు, సీటు వెనక్కి జరిపి ఆ కాలు జాగ్రత్తగా చాపించాడు. బండి నా ముందు నుంచే వెళ్ళింది. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి. వేలు లేపలేదు.

నవంబర్ 20, సోమవారం

వాన. ప్రాక్టీసు లేదు.